సకారానికి తలకట్టు

బెంగుళూరు బాలేపేటలో బోర్డుల తిమ్మరాయప్ప అంటే ఎవరైనా ఇల్లు చూపించేవాళ్ళు. ఆయన మా నాయన. నోరు తెరిస్తే చాలు, ఏ భాష మాట్లాడినా అందులో అత్తిబెలె పక్కన రాగిచేల తెలుగే వినిపించేది. కన్నడమైనా అంతే, అరవమైనా అంతే, సాయెబులకు సలాం చెప్పినా అంతే. కుంచె పట్టుకున్నాడంటే మాత్రం ఆ చెయ్యి ఏ ఊరిదో, ఏ ఇంటిదో కనుక్కోవడం ఎవరి తరమూ అయ్యేది కాదు. కన్నడం బోర్డు చూసినవాళ్ళు కన్నడ పంతులు రాశాడనుకునేవాళ్ళు. ఉర్దూ బోర్డు చూసినవాళ్ళు ఏ మసీదు ముల్లానో రాశాడనుకునేవాళ్ళు.

"నా నోటికి యాస ఉండాది, చేతికి లేదు" అని ఆయనే నవ్వేవాడు.

నలభై ఏడు ఆగస్టులో ఆయనకు అన్నం తినే తీరిక కూడా లేకపోయింది. స్వతంత్రం వస్తోందని పేటంతా జెండాలూ గుడ్డలూ రాయించుకుంటోంది. ఒకరోజు బట్టల కొట్టు బైరప్ప నలుగురిని వెంటేసుకుని వచ్చాడు. బైరప్ప మా వార్డు కాంగ్రెసు కమిటీకి పెద్ద. ఖద్దరు కట్టేవాడు, కొట్టులో మాత్రం మిల్లుగుడ్డ అమ్మేవాడు.

"ఊరేగింపుకు పెద్ద గుడ్డ కావాలి తిమ్మరాయప్పా. 'జై హింద్' అని అయిదు భాషల్లో. కన్నడం మాత్రం అన్నిటికన్నా పైన, లావుగా ఉండాలి" అన్నాడు కన్నడంలో.

"అదెందుకు పైన? చందా మేమూ ఇచ్చాంగా" అన్నాడు వెంటవచ్చిన అరవ వ్యాపారి. టోపీలమ్మే సాయెబు ఉర్దూ ఎక్కడొస్తుందా అని ఖాళీ గుడ్డకేసి చూశాడు. మాట మీద మాట పెరిగింది.

నాయన కుంచె చెవిలో దోపుకుని అంతా విన్నాడు. "గుండ్రంగా రాస్తానప్పా. చక్రం మాదిరి. అప్పుడు మొదలేది, చివరేది?"

బైరప్ప తెలివైనవాడే. "గుండ్రంగా రాసినా పైనున్నది నిలబడుతుంది, కిందున్నది తలకిందులవుతుంది గదయ్యా."

"దినానికొకర్ని పైకి తిప్పుకోండి. తిరిగేదానికే గదా చక్రం ఉండేది!"

అందరూ నవ్వారు. సాయెబు కూడా. గుడ్డ గుండ్రంగానే రాశాడు. పదిహేనో తేదీన వానలో దాన్ని మోసుకుపోయారు. కన్నడమే పైన నిలబడింది. దాన్ని ఎవరూ తిప్పలేదు.

దేశానికి స్వతంత్రం వచ్చింది గానీ, మైసూరు సంస్థానంలో ఉన్న మాకు రాలేదు. మహారాజు మహారాజే, దివాను దివానే. ప్రజలు ఎన్నుకున్న ప్రభుత్వం కావాలని సెప్టెంబరు మొదట్లో సత్యాగ్రహం మొదలైంది. కాలేజీలు ఖాళీ అయ్యాయి. నేనప్పుడు ఇంటర్మీడియట్ రెండో ఏడు. పద్దెనిమిదేళ్ళు. మా వీధిలో కాలేజీకి పోయే ఆడపిల్లను నేనొక్కతినే.

నాతో చదివే చంద్రశేఖర్ ఒక మధ్యాహ్నం పాత పేపర్ల కట్ట తెచ్చి మా గడపలో దించాడు. వాళ్ళది కన్నడ ఇల్లు. "అంజినమ్మా, నువ్వు బోర్డు రాసేవాళ్ళ పిల్లవు. మా రాతలు కోడి కెలికినట్టున్నాయి. నువ్వు రాసిపెట్టు, మేం అంటించుకుంటాం."

"మా నాయనకు తెలిస్తే వీపు పగుల్తుంది."

"ఆయన నిచ్చెన దిగేది సాయంత్రానికి గదా?"

నాయన మాట ఒకటుండేది. బోర్డు రాసేవాడికి పార్టీ ఉండకూడదు, అన్ని కొట్లూ వాడివేనని. అందుకని ఆయన పనికి పోగానే పెరటి వసారాలో పేపర్లు పరిచేదాన్ని. మా అమ్మ అక్కయమ్మ వచ్చి చూసింది. లోపలికి పోయి చింతగింజలు ఉడకబెట్టి జిగురుగా అంటు కాచి, చెంబులో పోసి నా పక్కన పెట్టింది. "గోడకు పట్టుకుంటే వాన వచ్చినా ఊడదు" అని మాత్రం అంది.

రాయాల్సింది రెండే మాటలు. 'జవాబ్దారి సర్కార'. ప్రజలకు జవాబు చెప్పే ప్రభుత్వం అని అర్థం. ఎర్రరంగుతో, కొబ్బరిపీచు కుంచెతో ఒక మధ్యాహ్నానికి నలభై రాశాను.

మరునాడు పొద్దున నాయన పాల కోసం పోయి ఎంతసేపటికీ రాలేదు. నేను వీధిలోకి తొంగిచూస్తే, ఎదుటి గోడ ముందు చెంబు పట్టుకుని నిలబడి ఉన్నాడు. పోస్టరు చదవడానికి అంతసేపు ఎవరికీ పట్టదు.

అన్నానికి కూర్చున్నప్పుడు రాగిముద్ద విరుస్తూ మా అమ్మతో అన్నాడు. "ఎవురో పాపం, కన్నడం రాసినారు గోడలమీద. సకారానికి తలకట్టు పెట్టినారు."

కన్నడ అక్షరం, తెలుగు అక్షరం అక్కాచెల్లెళ్ళ మాదిరి ఉంటాయి. తేడా అంతా నెత్తిమీదే. కన్నడానికి పైన గీత అడ్డంగా, ఇంటి దూలం మాదిరి పడుకుంటుంది. తెలుగుకు పిచ్చుక ముక్కు మాదిరి నిక్కుతుంది. అదే తలకట్టు. ఇంట్లో తెలుగులో ఓనమాలు దిద్దినవాళ్ళకు ఆ నిక్కు చేతిలో ఉండిపోతుంది. నెమ్మదిగా రాస్తే రాదు. తొందరపడితే వచ్చి కూర్చుంటుంది.

"సకారానికి తలకట్టు, అదే మాటలో కొసన రకారానికి అడ్డగీత" నాయన ముద్ద మింగుతూ అన్నాడు. "ఒకే ఇంట్లో ఇద్దరు పెళ్ళాలు ఉన్నట్టు ఉండాది. మళ్ళ, ఈ పేటలో తెలుగు చెయ్యి పెట్టుకుని కన్నడం రాసేవోళ్ళు ఎందరుండారే అక్కయమ్మా? వీపు మీద ఇంటి నంబరు రాసుకుని తిరిగినట్టు కాదా అది?"

అమ్మ పులుసు పోసింది. నేను తలెత్తలేదు.

నాయన లేచి చెయ్యి కడుక్కుంటూ నా వైపు తిరగకుండానే, "రాసేదే అయితే సరిగ్గా రాయల్ల" అన్నాడు.

వద్దని అనలేదు. దానితో నా ధైర్యం రెండింతలైంది. వారం రోజులు అక్షరాన్ని ఆవుదూడను పట్టుకున్నట్టు పట్టుకుని రాశాను. అడ్డగీతలన్నీ అడ్డంగానే పడ్డాయి. నాయన రోజూ ఎదుటి గోడ చూసేవాడు. ఒకరోజు "ఊఁ" అన్నాడు. ఆ ఊఁ నాకు పరీక్షలో మార్కులకన్నా ఎక్కువ.

తరవాత మైసూరులో ఒక విద్యార్థి తుపాకి దెబ్బకు చచ్చిపోయాడని కబురు వచ్చింది. చంద్రశేఖర్ కళ్ళు వాచిపోయి వచ్చాడు. కట్ట దించి పోయాడు. ఆ మధ్యాహ్నం నేను అక్షరాలు చూసుకోలేదు. అరవైయో డెబ్బయ్యో రాశాను. చెయ్యి ఏడుస్తూ రాసింది. ఎక్కడ ఏది పడుతోందో నాకే తెలియదు.

మూడోనాడు పొద్దున పదిగంటల వేళ ఇన్‌స్పెక్టరు వచ్చాడు, ఒక కానిస్టేబులుతో. బయట జల్లు పడుతోంది. నడవలో ఆరబెట్టిన బోర్డుల మధ్య ఇద్దరూ బూట్లు ఎక్కడ పెట్టాలో తెలియక ఒంటికాలి కొంగల్లా నిలబడ్డారు. ఇన్‌స్పెక్టరు చేతిలో నా పోస్టరు ఉంది. గోడసున్నంతో సహా ఊడి వచ్చింది.

కానిస్టేబులు తెలుగువాడే. "మాది ముళబాగిలప్పా" అన్నాడు నాయనతో, బంధువు మాదిరి. "నేనూ తెలుగు బడిలోనే చదివినా. చూస్తానే కనుక్కున్నా. ఇది మనోళ్ళ తలకట్టు గదా అని మా సారుకు చెప్పినా." ఆ మాట చెప్పేటప్పుడు అతని మొహం వెలిగిపోయింది. పట్టించింది కూడా మన అక్షరమే, మనవాడే.

లోపలి నుంచి అమ్మ అరిచింది. "అంజీ, పిండి తడిపేది ఎవురే? రా యిట్ల!" పోయానో లేదో నా రెండు చేతులూ పట్టుకుని రాగిపిండి గిన్నెలో మణికట్టుల దాకా దూర్చింది. అప్పుడు చూసుకున్నాను. గోళ్ళ సందుల్లో ఎర్రరంగు.

ఇన్‌స్పెక్టరు తొందరపడే మనిషి కాదు. "తిమ్మరాయప్పా, నీ బోర్డులు నేను చూడనివి కావు. చిక్కపేటలో సగం నీవే. ఒక్కదాంట్లో ఈ నిక్కు లేదు. మీ ఇంట్లో ఇంకెవరు రాస్తారు?"

"ఎవురూ రాయరు సామీ."

"కాలేజీ పిల్ల ఉందట?"

"ఉండాది. దానికి చదువుకునేదానికే పొద్దు చాలదు." నాయన గొంతులో తొట్రుపాటు లేదు. "బోర్డు అంటే దారం పట్టి, సుద్దగీత కొట్టి, నిమ్మళంగా రాస్తాం. గోడరాత అట్ల కాదు గదా. తొందర. తొందరలో ఇంటి బుద్ధి బయటపడతాది."

ఇన్‌స్పెక్టరు స్టూలు లాక్కుని కూర్చున్నాడు. "అయితే తొందరగా రాసి చూపించు."

వంటింటి గుమ్మంలో నుంచి నాకు నాయన వీపు, కుడిచెయ్యి మాత్రమే కనిపించాయి. పాత పేపరు నేలమీద పరుచుకున్నాడు. ఎర్రరంగు డబ్బా మూత తీశాడు. బాసింపట్టు వేసుకుని కుంచె ముంచాడు. ముప్పై ఏళ్ళు ఆ చెయ్యి కన్నడ అక్షరం మీద ఒక్కసారి కూడా నిక్కలేదు. పరాయివాళ్ళ ఇంట్లోకి చెప్పులు విడిచి పోయినట్టు పోయేది. అది చరచరా కదిలింది. సకారం వచ్చింది. అడ్డంగా పడుకోవాల్సిన చోట కుంచె కొన పైకి లేచింది.

కొసన రకారానికి లేవలేదు. నేను తప్పినచోటే తప్పాడు, నేను తప్పనిచోట తప్పలేదు. ఆ పాల చెంబు పట్టుకుని గోడ ముందు నిలబడి ఆయన చదివింది ఏమిటో నాకప్పుడు తెలిసింది.

కానిస్టేబులు రెండు పేపర్లూ పక్కపక్కన పెట్టి, "ఇదే చెయ్యి సార్" అన్నాడు.

నాయన కుంచె కడిగి, నీళ్ళు పిండేసి, వెంట్రుకలు పైకి ఉండేటట్టు డబ్బాలో నిలబెట్టాడు. చొక్కా అడిగాడు. అమ్మ చొక్కా ఇస్తూ గుండీ ఊడిందని చెప్పింది. "పోనీలే" అన్నాడు. "ఆ ఎర్రరంగు మూత గట్టిగా పెట్టుకోండి. ఎండిపోతాది." గడప దాటాడు. నా చేతులు పిండిలోనే ఉన్నాయి. ఆ పూట ముద్ద ఎవరూ తినలేదు.

కోర్టులో తలకట్టుతో సహా ఒప్పుకున్నాడు. సెంట్రల్ జైలులో వేశారు. నేను పోయి ఒప్పుకుంటానంటే మా అమ్మ తలుపుకు అడ్డంగా కూర్చుంది. "ఆయప్ప చేసింది వ్యర్థం చేస్తావేమే? నువ్వు పోతే ఇద్దరూ లోపలుంటారు. నాకు కూడా అంటు కాచినందుకు ఒక గది చూడమను!"

ఒక్కసారి చూడనిచ్చారు. కడ్డీల అవతల సగం బెంగుళూరు ఉంది. లాయర్లు, పిల్లలు, మా వీధి పాలవాడు కూడా. నాయన చిక్కిపోయినా నవ్వుతూనే వచ్చాడు.

"లోపలున్న పిల్లోళ్ళు ఊరుకోరు పాపా. బొగ్గు తెచ్చిచ్చి గోడమీద రాయమంటారు. రాస్తా ఉండా."

"బాగా వస్తోందా నాయనా?" అన్నాను. ఏమడగాలో తెలియక.

ఆయన వార్డరు వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించాడు. "తలకట్టు పెట్టే రాస్తా ఉండా. చూసేవోళ్ళు ఉంటారు గదా." మళ్ళీ నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. రోజూ తప్పు రాయాలంటే రోజూ గుర్తుపెట్టుకోవాలి.

అక్టోబరు నడుమ రాజీ కుదిరింది. జనం మంత్రివర్గం వస్తుందన్నారు. జైలు తలుపులు తెరిచారు. బైరప్ప మేళం పెట్టించి, బాలేపేట మొగలో అందరికీ బంతిపూల దండలు వేశాడు. నాయన వంతు వచ్చినప్పుడు మెడలో దండ వేసి, భుజం మీద చెయ్యేసి, జనం వైపు తిప్పి గట్టిగా అన్నాడు. "చూడండి! పుట్టుక తెలుగైనా, మన కన్నడ నాడు కోసం జైలుకు పోయివచ్చాడు మన తిమ్మరాయప్ప! కన్నడం సరిగ్గా రాయడం రాకపోయినా, రాయకుండా ఉండలేకపోయాడు!"

చప్పట్లు మోగాయి. "మాది అత్తిబెలె గదప్పా, మైసూరు సీమే గదా" అని నాయన అనడం నాకు వినిపించింది. పక్కనున్నాను గనక వినిపించింది.

రెండు వారాలకు వార్డు కమిటీ కొత్త ఆఫీసు తెరిచింది. బోర్డు పని చిన్నప్పకు ఇచ్చారు. చిన్నప్ప గంగమ్మగుడి దగ్గర బండ్లకు రంగులు వేసేవాడు. నాయన అడగడానికి పోయి వచ్చాడు. ఏమన్నారని అమ్మ అడిగితే, "పెద్దోళ్ళు వస్తారంట, శుద్ధ కన్నడం కావాలంట" అని గోడవైపు తిరిగి పడుకున్నాడు. పట్టపగలు ఆయన పడుకోవడం నేను చూడటం అదే మొదలు.

నేను నేరుగా బైరప్ప కొట్టుకు పోయాను.

"ఆ పోస్టర్లు రాసింది నేను. తలకట్టు నాది. మా నాయన నన్ను తప్పించడానికి కావాలని తప్పు రాశాడు."

బైరప్ప చేతిలో గజంబద్ద కింద పెట్టాడు. నేను చెప్పింది నమ్మాడు. ఆ సంగతి మొహంలోనే తెలిసింది. అదే నన్ను ఎక్కువ కోసింది.

"ఇప్పుడెట్లమ్మా? పేపర్లో వచ్చేసింది. నేనే మీటింగులో చెప్పాను. ఇప్పుడు కాదంటే బాగుంటుందా?"

"బోర్డు మా నాయనకివ్వండి. రాసి చూపిస్తాడు."

"చిన్నప్ప బలపం గీతలు కూడా కొట్టేశాడు. పైగా జనం నోట్లో పడిన మాట. తిమ్మరాయప్ప కన్నడంలో తెలుగు కలుస్తుందని పసిపిల్లలక్కూడా తెలిసిపోయింది."

"మీ తలమీదున్న బోర్డు ఎవరు రాశారండీ?"

బైరప్ప కొట్టు బయటికి వచ్చి, తలెత్తి తన బోర్డు కేసే కొత్తగా చూశాడు. పన్నెండేళ్ళ కిందటి బోర్డు. దూలాల్లాగా పడుకున్న అడ్డగీతలు. ఒక్కటి కూడా నిక్కలేదు.

"అప్పట్లో ఆయన చెయ్యి బాగుండేది" అన్నాడు బైరప్ప, నేను చెప్పింది అప్పుడే మరిచిపోయినట్టు, నిజంగానే జాలిపడుతూ.

ఆ సాయంత్రం నాయనకు అంతా చెప్పేశాను. తిడతాడనుకున్నాను.

"నువ్వు చెప్పేది చెప్పినావు. ఇంక ఎవురికీ చెప్పద్దు. రాజ్యం మారింది అంటావుండారు. ఇన్‌స్పెక్టరు మారినాడా? అదే స్టేషను, అదే మనిషి. నేను రాసిచ్చిన కాగితం లోపలే ఉంటాది. నేను రేపు శుద్ధంగా ఒక కన్నడం బోర్డు రాసి బజార్లో పెడితే, ఆ దినం నా ముందర రాసింది ఏమని వాడు అడగడా?"

"మరి తలకట్టు పెట్టే రాస్తావా నాయనా, బతికినంతకాలం?"

"అది నా చేత కాదు." కుడిచెయ్యి తిప్పి చూసుకున్నాడు. "జైల్లో రాసినాను. అన్నంలో రాయి పెట్టుకుని నమిలినట్టు ఉండె. కన్నడం బోర్డులు ఇంక నేను రాయను. నువ్వు రాస్తావు. నీ చెయ్యి శుద్ధమైతే ఆ పోస్టరు నీది కాదని అదే తేలుతాది. దా, కూర్చో. సకారం రాయి."

కూర్చున్నాను. దీపావళి వచ్చేదాకా మధ్యాహ్నాలన్నీ అదే పని. నా మణికట్టు పట్టుకుని అడ్డగీత దగ్గర కిందికి అదిమేవాడు. ఆయన చేతి బరువు ఎంతో నాకు ఆ రోజుల్లోనే తెలిసింది. తెలుగు బోర్డులు, అరవం, ఉర్దూ, ఇంగ్లీషు ఆయనే రాసుకునేవాడు. కన్నడం వస్తే, "మా పాప రాస్తాది, నాకు చాతగాదు" అని పలక నా ముందు పెట్టేవాడు.

మొదటి కన్నడం బోర్డు అవెన్యూ రోడ్డు పుస్తకాల కొట్టుకు. యజమాని ఆదినారాయణప్ప స్వయంగా వచ్చాడు. పెరట్లో ఎండకు నిలబెట్టిన బోర్డును దూరంనుంచి, దగ్గరనుంచి చూశాడు. ఒక్కొక్క అక్షరం నెత్తిన వేలు పెట్టకుండా గాలిలోనే తడిమాడు.

"ఎవరు రాశారయ్యా?"

"మా అమ్మాయి."

"ఎంత శుద్ధంగా ఉందో! ఒక్కచోట తెలుగు వాసన లేదు. ఏమనుకోకు తిమ్మరాయప్పా, నీకన్నా నీ కూతురే నయం."

నేను నోరు తెరిచాను. నాయన అప్పటికే వంగి, బోర్డు అంచు నా మొహానికి అడ్డం వచ్చేటట్టు పైకెత్తుతున్నాడు.

"అవునప్పా" అన్నాడు చెక్క వెనక నుంచి. "నాకన్నా నయమే."

బోర్డు నెత్తిన పెట్టుకుని, ఆదినారాయణప్ప వెనకాలే వీధిలోకి నడిచాడు.